అల్లుడు పెంచిన అల్పాకా

మా అల్లుడు సీసాతో పాలు పట్టి పెంచిన అల్పాకా, ఒక పొద్దున వెనక నుంచి ఉరికొచ్చి మా అల్లుడినే రొమ్ముతో గుద్ది బోర్లా పడేసింది. పడేసి ఊకోలేదు. మీదికెక్కి కూలబడి, మెడ వంచి, చెవి కొరికి పట్టుకుంది. నేను గేటు ఇవతల దాణా బకెట్టు పట్టుకొని నిలబడి ఉన్నాను. అంతా కండ్లారా చూశాను. గొర్రెల వెంట తిరిగి పెరిగినదాన్ని నేను. తోడేలు మందలో పడి పిల్లనెత్తుకపోవడం చూశాను. రెండు పొట్టేళ్ళు ఢీకొని ఒకటి అక్కడికక్కడే చావడం చూశాను. పాలు తాపినోడి మీద పడ్డ జంతువును మాత్రం ఆ రోజే చూశాను.

మా బిడ్డ పేడ ఎత్తే పెద్ద పార పట్టుకొని ఉరికొచ్చి దాని మొఖానికి అడ్డం పెట్టింది. అది లేచి, ముక్కుతో గాలి ఊది, ఏమీ జరగనట్టు గడ్డి దగ్గరికి పోయింది. అల్లుడు లేచి కూర్చున్నాడు. చెవి చీలి నెత్తురు మెడ మీదికి కారుతోంది. దాని దిక్కే చూస్తూ, "కొత్త జాకెట్ కదా, నన్ను గుర్తుపట్టలేదేమో" అన్నాడు.

గుర్తుపట్టింది. నేను దాని కండ్లు చూశాను. గుర్తుపట్టే మీద పడ్డది.

ఆ పొద్దు నుంచి మా ఇంట్లో ఒక్కటే ముచ్చట అయిపోయింది. వాడిని బతకనియ్యాల్నా, వద్దా.

వాడు అంటున్నా చూడండి. పేరు పెట్టలేదు గానీ అందరం బుడ్డోడు అని పిలిచేవాళ్ళం. అదే మొదటి పొరపాటు అనుకుంటా.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటినాక, ఈ దేశం వచ్చినాకనే. ఇక్కడ జార్జియాలో, అల్ఫారెట్టా అనే ఊర్లో ఆదివారాలు తెలుగు బడి పెడతారు. మా బిడ్డ అక్కడ పాఠాలు చెప్పేది. ఇంట్లో ఒక్కదాన్ని ఏం చేస్తానని నన్నూ కార్‌లో వేసుకొని పోయేది. చిన్న కుర్చీలో ముడుచుకొని కూర్చొని, అమెరికా యాసలో "క కా కి కీ" అనే పిల్లలతోపాటు దిద్దుకున్నాను. తిప్పి తిప్పి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తా.

మేముండేది అల్ఫారెట్టాకు ఉత్తరాన, గంటకు పైగా పోతే వచ్చే గుట్టల దిక్కు. మట్టి మా పాలమూరు చెల్కలాగ ఎర్రగా ఉంటది, వాన పడితే అదే వాసన. బిడ్డ, అల్లుడు ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్ కొలువే. కరోనా వచ్చి ఆఫీసు ఇంట్లోకి వచ్చినప్పుడు ఈ జాగా కొన్నారు. జాగా ఊరికే పడి ఉంటుందని అల్పాకాలను తెచ్చారు. ఒంటెకు, గొర్రెకు పుట్టినట్టుంటాయి అవి. పొడుగు మెడ, ఒళ్ళంతా ఉన్ని, పెద్ద పెద్ద కండ్లు. నేను వచ్చిన కొత్తలో పాలు ఎన్నిస్తయి అని అడిగాను. పిండరట. కోసుకుంటరా అన్నాను. మా బిడ్డ చెవులు మూసుకుంది. ఏడాదికొకసారి బొచ్చు కత్తిరిస్తరు, పిల్లలను పుట్టించి అమ్ముతరు, అంతే. పాలు లేవు, కూర లేదు, మరి ఇంత గడ్డి ఎందుకు పెడుతున్నరో నాకైతే చాలా రోజులు అర్థం కాలేదు.

వాటిని దాటించే పద్ధతి చూసి ఇంకా నోరు వెళ్ళబెట్టాను. మగదాన్ని తోలుకొస్తే ఆడది కింద కూర్చుంటే ఒప్పుకున్నట్టు. కొన్నాళ్ళకు మళ్ళీ తోలుకొచ్చినప్పుడు మగదాని మొఖం మీద ఉమ్మితే కడుపు నిలబడ్డట్టు. ఇదంతా నాకు చెప్పింది ఎవరనుకున్నారు, మా అల్లుడు. ఆయన చేతులూపుకుంటూ చెప్తుంటే నేను కొంగు నోట్లో కుక్కుకొని గోడ దిక్కు తిరిగి నిలబడ్డాను.

ఎందుకంటే మా దిక్కు అత్త అల్లుడి ఎదురుగా కూర్చోదు, మొఖం చూసి మాట్లాడదు. అల్లుడు అన్నం తింటుంటే తలుపు చాటున నిలబడి, "ఇంకింత కూర వేసుకోమను" అని బిడ్డకు చెప్పాలి. అల్లుడు పక్కనే కూర్చొని వింటున్నా సరే. ఆయనది గుంటూరు దిక్కు. వాళ్ళల్లో ఈ పట్టింపు అంత లేదట. పెళ్ళైన కొత్తలో ఎదురొచ్చి, "అత్తయ్యా, కాఫీ తాగారా" అని అడిగితే నేను తలుపుకు జవాబు చెప్పాను. ఊర్లో నాకు మొండి మనిషినని, మొఖం మీదనే అనేస్తదని పేరు. సర్పంచునైనా, పోలీసునైనా అన్నదాన్నే. ఒక్క అల్లుడి ముందట మాత్రం నోరు కట్టేసుకుంటా. ఎన్నేండ్లైనా ఆ అలవాటు పోలేదు.

బుడ్డోడు చలి మొదలయ్యే రోజుల్లో పుట్టాడు. పొద్దున పూట, మంచు ఇంకా ఆరలేదు. తల్లి నిలబడే ఈనింది. పిల్ల కింద పడ్డది, తడి తడిగా, ఉన్ని ఒంటికి అతుక్కొని. తల్లి వంగి వాసన చూసింది. ముక్కులోంచి సన్నగా మూలిగింది. పక్కకు జరిగింది. అంతే. నాకలేదు. గొర్రె ఈనితే నాకి నాకి పిల్లను నిలబెడుతుంది. నాకని తల్లి ఉంటే మేము పిల్ల ఒంటికి ఉప్పు రుద్దుతాం, ఉప్పు రుచికి నాలుక ఆడిస్తుంది. నేను వంటింట్లోకి పోయి దోసెడు ఉప్పు తెచ్చాను. మా బిడ్డ చేయి పట్టుకొని ఆపింది.

"అమ్మా, ఇవి నాకయి. వీటి జాతే అంత" అన్నది.

పిల్లను నాకని తల్లి జాతి ఒకటి ఉంటదని నాకు అప్పటిదాకా తెలవదు. ఉప్పు చేతిలో పట్టుకొని అట్లనే కూలబడ్డాను. తువ్వాళ్ళు తెచ్చి మేమే తుడిచాం. నాకకపోతే పోనీ, పాలన్నా ఇస్తుందేమోనని పొదుగు పట్టి చూస్తే చుక్క లేదు.

పశువుల డాక్టరమ్మ వచ్చింది. తెల్లావిడ, చేతులు మగవాళ్ళ చేతుల్లాగ గట్టిగా ఉంటాయి. గడ్డకట్టించి దాచిన మేక జున్నుపాలు ఆమే తెచ్చి, కరిగించి తాపించింది. తరువాత ఏం చెయ్యాలో చెప్పింది. సీసాతో పాలు పట్టండి. పట్టగానే వచ్చేయండి. మందలోనే ఉండనీయండి. ఎత్తుకోవద్దు, ముద్దు చేయొద్దు, ఇంట్లోకి తీసుకుపోవద్దు, అందులో మగపిల్ల, మరీ జాగ్రత్త అన్నది. మా బిడ్డ నాకు తెలుగులో చెప్పింది. ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. తల్లి నాకదు, తల్లికి పాలు లేవు, మేము కూడా ముట్టుకోవద్దా. ఈమె డాక్టరా, కసాయిదా అనుకున్నాను నేను.

ఆ వారమే బయట నీళ్ళ తొట్టి గడ్డకట్టింది. అల్లుడు వాడిని దుప్పట్లో చుట్టి, బట్టలుతికే మిషన్ ఉండే గదిలోకి తెచ్చాడు. చలి తగ్గేదాకానే అన్నాడు. ఆ గదిలోంచి వంటింట్లోకి వచ్చాడు వాడు. వంటింట్లోంచి అల్లుడి ఆఫీస్ రూములోకి పోయాడు. ఆయన బల్ల కింద కాళ్ళు మడుచుకొని కూర్చొని, మీటింగ్ నడుస్తుంటే మూలిగేవాడు. అవతలి దొరలు అదేం చప్పుడని అడిగేవారట. కెమెరాలో చూపిస్తే అందరూ పని ఆపి నవ్వేవారట. చలి తగ్గింది. వాడు బయటికి పోలేదు. పగలు మందలో వదిలినా పొద్దుగూకే వేళకు మెట్ల దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

పిల్లల్లేరు కాబట్టి ఇట్లా చేస్తున్నారని ఎరిగినవాళ్ళు అనుకున్నారు. అది కాదు. మా అల్లుడు చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో పెరిగాడు. తెల్లవారకముందే లేపి చదివించే గుంటూరు హాస్టళ్ళు. కుక్కను కూడా ముట్టి ఎరగడు. ఒక జీవి తన కారు చప్పుడు విని గేటు దగ్గరికి ఉరికి రావడం ఆయనకు కొత్త. కార్ దిగి వాడి మెడ మీద చెంప ఆనించి అట్లనే నిలబడేవాడు. చూసి నేను లోపలికి పోయేదాన్ని.

వాడి వల్ల నాకూ ఒక లాభమైంది. అల్లుడితో చెప్పాల్సిన మాట వాడితో చెప్పేదాన్ని. "ఒరే, నీ అయ్యకు చెప్పు, అన్నం చల్లారుతుంది." అల్లుడు నవ్వి వాడితోనే అనేవాడు, "అమ్మమ్మకి చెప్పు నాన్నా, కాల్ అవగానే వస్తానని." అట్లా మొదలై ఎన్ని మాట్లాడుకున్నామో. ఆయన నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఎట్లా ఉన్నాడో వాడిని అడిగాను. నా మోకాలి నొప్పి సంగతి ఆయన వాడిని అడిగాడు. ఆఫీసుల్లో మనుషులను తీసేస్తున్నరని టీవీలో విన్న రోజు, "నీ అయ్య కొలువు పదిలమేనా కనుక్కోరా" అన్నాను. "పదిలమే అని చెప్పు, భయపడొద్దని చెప్పు" అన్నాడు. మా బిడ్డ పొట్ట పట్టుకొని నవ్వేది. పెళ్ళైన ఇన్నేండ్లలో మాట్లాడని అత్తా అల్లుడూ, నోరులేని జంతువును మధ్యలో పెట్టుకొని కడుపులో ఉన్నదంతా చెప్పుకున్నాం.

శని ఆదివారాలు అల్ఫారెట్టా నుంచి తెలుగువాళ్ళు కార్లలో దిగేవారు. పిల్లలు సీసా కోసం కొట్లాడుకునేవారు. "అమ్మమ్మా, ఇంకొకసారి ఫీడ్ చేయనా" అని నా కొంగు లాగేవారు. వాడికి బొట్టు పెట్టారు, మెడలో గంట కట్టారు, పుట్టినరోజుకు టోపీ పెట్టి ఫొటోలు దిగారు. వాడు రాజాలాగ నిలబడేవాడు.

ఏడాది దాటినాక నెట్టడం మొదలుపెట్టాడు. మనిషి దారికి అడ్డం నిలబడి రొమ్ముతో తోసేవాడు. ముందుకాళ్ళెత్తి భుజం మీద వేసేవాడు. హగ్ చేస్తున్నాడని ఒకటే కేకలు, వీడియోలు. మా ఊర్లో పెంపుడు పొట్టేలు గట్ల నెడితే ముక్కు మీద ఒకటి వేస్తాం, దానికి కొమ్ములుంటయి గనుక. వీడికి కొమ్ముల్లేవు. దూదిమూటలాగ ఉంటడు. ఏం చేస్తడులే అనుకున్నాం. కొమ్ములకు బదులు నోట్లో వెనక్కి వంగిన కోరలు వస్తున్నాయని ఎవరూ నోరు తెరిచి చూడలేదు.

చెవి చీలిన రోజు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మొదట అల్లుడి చెవి కట్టు చూసింది, తరువాత వాడిని చూసింది, తరువాత మా ఇంటి మెట్ల దగ్గరున్న వాడి నీళ్ళ గిన్నెను చూసింది. ఏమీ అడగలేదు. చెప్పడం మొదలుపెట్టింది. వాడికి తను అల్పాకానని తెలవదు, లేకపోతే మిమ్మల్ని అల్పాకాలనుకుంటున్నాడు, రెండూ ఒకటే. ఇప్పుడు వయసుకొచ్చాడు. మందలో మగది ఇంకో మగదాన్ని ఎట్లా కిందపడేసి కొరుకుతుందో అట్లా ఈయనను కొరికాడు. కోపం కాదు, రోగం కాదు. ఈయన వాడికి పోటీ మగది.

మా బిడ్డ ఇదంతా తెలుగు చేసి చెప్పింది. "పాలు తాపి దగ్గరికి తీస్తే పగోడు అయితడా అడుగు" అన్నాను. బిడ్డ అడిగింది. డాక్టరమ్మ నా దిక్కు తిరిగి తల ఊపింది. దగ్గరికి తీసినోళ్ళకే అవుతాడట. ముట్టుకోకుండా పెంచిన మగవి మనిషిని చూస్తే పక్కకు జరుగుతాయట. ఇన్నేండ్ల నా బతుకులో ఇట్లాంటి మాట వినలేదు. గొర్రెను, బర్రెను, కోడిపిల్లను, ఎవరిని దగ్గరికి తీసినా మచ్చికైతదనే కదా తెలుసు మనకు.

రెండు దారులు చెప్పింది. విత్తులు తీసేసి, కోరలు అరగదీసి, వేరే దొడ్డిలో మగవాటితో పడేయడం. ఎవరూ లోపలికి పోవద్దు, పిలవద్దు, ముట్టొద్దు. ముఖ్యంగా ఈయన. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. అట్లా ఉండలేకపోతే ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టడం. మూడోది లేదన్నది. ఇంకొకరికి మాత్రం ఇవ్వొద్దు, ఇస్తే ఆ ఇంట్లో ఇదే జరుగుతుంది అని రెండుసార్లు చెప్పింది.

అల్లుడు విన్నాడు. విని, ఆమె వద్దన్నదే ముందు పట్టుకున్నాడు.

ఆయన దోస్తు ఒకాయన అల్ఫారెట్టా అవతల పెద్ద జాగా ఉన్న ఇల్లు కొన్నాడు. బుడ్డోడిని తనకిమ్మని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. ఆయన కూతుళ్ళిద్దరూ వాడికి సీసా పట్టినోళ్ళే, చిన్నది ఇంకా నా నడుం దాకా కూడా లేదు. మర్నాడు మా బిడ్డ ఆఫీస్‌కి పోయింది. నేను వంటింట్లో తోటకూర తెంపుతున్నాను. రూములోంచి అల్లుడి మాటలు వినపడుతున్నాయి. వాడు చాలా మంచోడురా అంటున్నాడు. కొంచెం ప్లేఫుల్, అంతే. ప్లేస్ మారితే సెట్ అయిపోతాడు. వచ్చి తీసుకెళ్ళు.

చెవికి కట్టు కట్టుకొని ఆ మాట అంటున్నాడు.

నేను లేచాను. బిడ్డ ఉంటే బిడ్డతో చెప్పించేదాన్ని. బుడ్డోడుంటే బుడ్డోడితో చెప్పేదాన్ని. మధ్యలో మాట మోసేటోళ్ళు ఎవరూ లేరు. కొంగు సరిచేసుకొని ఆ రూము గడప దగ్గర నిలబడ్డాను. ఆయన మొఖంలోకే చూశాను.

"బాబూ, వాళ్ళింట్ల చిన్నపిల్లలున్నరు" అన్నాను.

ఆయన ఫోన్ చెవి నుంచి దించాడు. నేను మాట్లాడినందుకే ముందు అదిరిపోయాడు. తరువాత మాట అర్థమైంది.

"ఇక్కడుంటే చంపేస్తారు అత్తయ్యా వాడిని."

"చంపనీ. ఆ పిల్ల మొఖం మీద పడితే నువ్వు తట్టుకుంటవా?"

"మీరు కూడా ఎత్తుకున్నారు కదా వాడిని."

"ఎత్తుకున్న. అందుకే చెప్తున్న."

నేను దర్వాజ పట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఫోన్‌లో దోస్తు హలో హలో అంటున్నాడు. అల్లుడు ఫోన్ మళ్ళీ పైకెత్తి, "వద్దురా, ఇందాక అబద్ధం చెప్పాను. వాడు నా చెవి చీల్చాడు" అన్నాడు.

వారం తిరగకముందే విత్తులు తీయించాం. కోరలు అరగదీయించాం. మగవాటి దొడ్డిలో వేశాం. అవి వాడిని చేరనీయలేదు. ఎట్లా చేరనిస్తయి, వాడికి వాటి భాషే రాదు. అవి మెడలు చాచి ఏదో హెచ్చరిస్తే, వీడు పోయి కంచె పక్కన నిలబడి మా కిటికీ దిక్కు చూసి మూలిగేవాడు. ఆ కిటికీ అల్లుడి ఆఫీస్ రూముది. ఆయన మొదట బల్ల తిప్పి పెట్టుకున్నాడు, తరువాత పరదా కట్టాడు. ఉత్తరాల డబ్బా దాకా పోవాలన్నా దొడ్డి కనపడకుండా చుట్టు తిరిగి పోయేవాడు. కార్ చప్పుడు విని వాడు కంచె వెంట ఉరికొస్తే, స్టీరింగ్ పట్టుకొని ఎదురుగా చూస్తూ షెడ్‌లోకి పోనిచ్చేవాడు. వాడు బతకాలంటే ఈయన వాడికి పరాయివాడు కావాలి. ఆయన చేసింది ఆ పనే. దాణా నేను వేసేదాన్ని, కంచె ఇవతల నుంచి, మాట లేకుండా. నోరు మెదపకుండా ఒక జంతువుకు మేత వేయడం నా చేతకాదనుకునేదాన్ని. వేశాను.

ఎండలు ముదిరేసరికి వాడు కొంచెం తగ్గినట్టే కనపడ్డాడు. కంచె మీదికి ఉరకడం మానేశాడు. మగవాటి పక్కన, కొంచెం ఎడంగా, మేయడం మొదలుపెట్టాడు. మా బిడ్డ డాక్టరమ్మకు వీడియో పంపింది. మంచిదే, కానీ తొందర పడొద్దని రాసిందట ఆమె. నేను లోపల్లోపల బతికిపోయాడనుకున్నాను.

జార్జియా ఎండ మా ఎండలాంటిది కాదు. ఒళ్ళు ఆరనీయని ఉక్క. అల్పాకాలకు ఆ ఉక్క పడదు, అందుకే కొట్టాల్లో పెద్ద ఫ్యాన్లు పెడతారు. ఒక మధ్యాహ్నం కొట్టంలో కరెంటు పోయింది. మగవన్నీ కొట్టం నీడలో తడి మట్టి మీద కూర్చున్నాయి. బుడ్డోడు మాత్రం ఎండలో, కంచె పక్కన, ఆ కిటికీకి ఎదురుగా కూలబడ్డాడు. నోరు తెరిచాడు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను పైపు పట్టుకొని కంచె సందులోంచి నీళ్ళు కొడదామని చూశాను. వీపు మీద కొడితే ఉన్ని తడిసి లోపల ఇంకా ఉడికిపోతుంది. కడుపు కింద తడపాలి. వాడు కడుపు నేలకేసి కూర్చున్నాడు. మా బిడ్డను కేకేశాను.

బిడ్డ వచ్చేలోపు అల్లుడు వచ్చాడు. మీటింగ్ మధ్యలో లేచొచ్చాడేమో, మెడకు హెడ్‌సెట్ వేలాడుతోంది. నా చేతిలోంచి పైపు తీసుకొని గేటు తెరిచాడు. వద్దు అన్నాను. ఆయన ఆగలేదు.

"నాన్నా, లే నాన్నా" అంటూ వాడి పక్కన కూర్చొని, చేయి కిందికి పోనిచ్చి కడుపు పైకెత్తి నీళ్ళు పట్టాడు. వాడు లేవలేదు, కొరకలేదు. పైపు మూతి దగ్గరికి మెడ చాచి నీళ్ళు తాగాడు. కండ్లు సగం మూసి మూలిగాడు, మెట్ల దగ్గర మూలిగినట్టే. అల్లుడి చేయి వాడి మెడ మీద ఉంది. చదువుకున్న డాక్టరే తప్పు చెప్పిందేమోనని ఆ నిమిషం అనుకున్నాను. నా కండ్లలో నీళ్ళు తిరిగాయి.

వాడి ఊపిరి కుదుటపడింది. లేచి నిలబడ్డాడు. అల్లుడు సంబరంగా నా దిక్కు చూసి, నల్లా కట్టేయడానికి అటు తిరిగాడు. వీపు కనపడిందో లేదో, వాడు అరిచాడు. ఆ అరుపు నేను రాయలేను. రొమ్ముతో గుద్దితే అల్లుడు కంచెకు కొట్టుకున్నాడు. అప్పుడే వచ్చిన మా బిడ్డ గేట్లోంచి లోపలికి ఉరికింది. వాడు అల్లుడిని వదిలేసి ఆమె మీదికి తిరిగాడు. పడేసి తొడ పట్టుకున్నాడు. కోరలు అరగదీసినా దవడకు బలం ఎక్కడికి పోతుంది. బిడ్డ అరుస్తుంటే నేను గేటు పట్టుకొని ఊపుతున్నాను, అదెందుకు ఊపానో నాకే తెలవదు. అల్లుడు కొట్టానికి ఆనించిన కట్టె తీసుకొని వాడి మెడ మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. దోమను కూడా చేత్తో తోలి ఊకునే మనిషి. పాలు పట్టిన చేత్తో, పండ్లు బిగబట్టి, వాడు వదిలేదాకా కొట్టాడు.

ఆస్పత్రిలో కుట్లు వేయించుకొని తిరిగి వస్తుంటే కార్‌లో మా బిడ్డే అన్నది, ఇంకొన్నాళ్ళు చూద్దామని, ఎండ దెబ్బకు చేశాడేమోనని. అల్లుడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"నేను దూరంగా ఉండటమే కదా వాడికి మందు. అది నా వల్ల కాదు. ఇవాళ తెలిసింది" అన్నాడు.

ఇంటికి రాగానే డాక్టరమ్మకు ఆయనే ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో చెప్పాడు. నాకు టుమారో అన్న మాట ఒక్కటే తెలిసింది, అది చాలు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి, ఈయనను కనపడకుండా ఉండమన్నది. ఈయనను చూస్తే వాడు రేగుతాడు, సూది పడదు. అల్లుడు కొట్టం వెనక నిలబడ్డాడు. నేను కంచె ఇవతల నుంచి దాణా పెట్టాను. వాడు తింటుంటే ఆమె కంచె సందులోంచి మత్తు సూది వేసింది. మెల్లగా కాళ్ళు మడుచుకొని కూర్చున్నాడు. మెడ వాలింది. అప్పుడు ఆమె చేయి ఊపితే అల్లుడు వచ్చి, వాడి తల ఒళ్ళో పెట్టుకొని నేల మీద కూర్చున్నాడు. బల్ల కింద పడుకోబెట్టుకున్నప్పటిలాగ చెవుల వెనక గోకాడు. రెండో సూది మెడ నరానికి వేసింది. అంతే. నేను గొర్రెల కోతలు ఎన్ని చూశానో గానీ, చప్పుడు లేని చావును అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

గేటు తెరిచి మందను రానీయమన్నది డాక్టరమ్మ. వాసన చూస్తే వెతకవట. అన్నీ వచ్చాయి. మెడలు వంచి చూశాయి. పాలు లేని ఆ తల్లి కూడా వచ్చింది. ముక్కు పెట్టింది, తీసింది, అందరికంటే ముందు పోయి మేతకు దిగింది. దాన్ని తిట్టబోయి ఊకున్నాను. వాడు దాని దగ్గర ఉన్నది ఎన్నాళ్ళు గనుక.

గుంత యంత్రంతో తవ్వించాం గానీ పూడ్చింది మాత్రం అల్లుడే, పారతో. మా బిడ్డ తొడకు కట్టుతో ఇంట్లో పడుకుంది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఎర్రమట్టి, బరువుగా పడుతోంది. సగం పూడ్చి, పార ఆనించి, నా దిక్కు తిరిగాడు.

"అత్తయ్యా, మీ గొర్రెలని కోతకి తోలేటప్పుడు మీకేమనిపించేది?"

"ఏమనిపించేది కాదు బాబూ. వాటిని ఎన్నడూ ఇంట్లకు తేలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. జేబులో ఫోన్ మోగింది, ఆఫీసుది. చూసి, ఆపేసి, మళ్ళీ మట్టి లాగడం మొదలుపెట్టాడు.